‘మా ఇంటి ముందు చోటు మాదే’: ఒక వీధి పార్కింగ్ తగాదా కేస్ స్టడీ

నేపథ్యం

నేను ఇరుగుపొరుగు తగాదాల్లో మధ్యవర్తిగా పనిచేస్తాను. ప్రహరీ గోడలు, పక్కింట్లోకి వాలిన కొమ్మలు, మేడ మీద చప్పుళ్లు, ఇలాంటివే ఎక్కువగా వస్తాయి. వాటిలో ఒక కాగితమో కొలతో ఉంటుంది, అక్కడి నుంచి మాట మొదలుపెట్టొచ్చు. రోడ్డు పక్కన కారు పెట్టుకునే చోటు కోసం జరిగే గొడవల్లో ఆ ఆసరా ఉండదు. ఆ చోటు తమది కాదని ఇద్దరికీ తెలుసు, అయినా ఇద్దరూ ‘నా చోటు’ అనే అంటారు. మర్యాదగా బతికే మనుషులు లేని హక్కు కోసం అంత దూరం ఎందుకు వెళ్తారో ఈ కేసులో నాకు స్పష్టంగా కనబడింది, అందుకే రాసిపెడుతున్నాను. సంబంధించినవాళ్ల అనుమతి తీసుకున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు వదిలేశాను, కొన్ని మార్చాను.

వీధి చిన్నదే. ఇరవై పైచిలుకు ఇళ్లు, సొంతవాళ్లు సగం, అద్దెవాళ్లు సగం. రోడ్డుకు ఒక పక్కనే కార్లు ఆపే వీలుంది. ఇళ్లు కట్టిన రోజుల్లో ఇంటికో కారు కూడా లేదు. తర్వాత పై అంతస్తులు లేచాయి, అద్దెకిచ్చారు, ఒక్కో గేటు వెనక రెండు మూడు కార్లు చేరాయి. రోడ్డు మాత్రం ఉన్నంతే ఉంది.

మొదట ఎవరో రెండు పూలకుండీలు తెచ్చి రోడ్డు మీద పెట్టారట. కుండీలే కదా అని ఎవరూ ఏమీ అనలేదు. పక్కాయన విరిగిన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. ఆ తర్వాత రాళ్లు, పాత టైర్లు, సిమెంటు పోసి మధ్యలో ఇనప గొట్టం నిలబెట్టిన పెయింటు డబ్బాలు వచ్చాయి. ఒకాయన స్టార్ట్ కాని స్కూటరును కారు చోట్లో నిలబెట్టేవాడు. సాయంత్రం కారు తెచ్చాక దాన్ని పక్కకు తోసేవాడు, పొద్దున కారు తీయగానే మళ్లీ తెచ్చి నిలబెట్టేవాడు. నేను వెళ్లేనాటికి గేట్లకు బోర్డులు కూడా వేలాడుతున్నాయి: ‘ఇక్కడ బండి పెట్టినచో గాలి తీయబడును.’

గొడవ

రాత్రి డ్యూటీ చేసే ఒక అమ్మాయి ఆ వీధిలో అద్దెకుంటుంది. ఒకరోజు తెల్లవారుజామున వచ్చేసరికి ఖాళీగా ఉన్న ప్రతి చోట్లోనూ ఏదో ఒక వస్తువు ఉంది. ఒక పెయింటు డబ్బాను పక్కకు జరిపి, కారు పెట్టి, పైకెళ్లి పడుకుంది. మధ్యాహ్నం దిగి చూస్తే రెండు టైర్లలో గాలి లేదు, వైపర్ వంగిపోయి ఉంది. డబ్బా ఎవరిదో ఆ పెద్దాయన తలుపు తట్టింది.

‘గాలి నేను తీయలేదమ్మా. అయినా అది నా చోటని నీకు తెలీదా?’

‘రోడ్డు మీదెలా అయింది అంకుల్? కొన్నారా?’

ఈ రెండు మాటలూ వీడియోగా వీధి వాట్సాప్ గ్రూపుకెక్కాయి. సాయంత్రానికి సొంతిళ్లవాళ్లు ఒక పక్క, అద్దెవాళ్లు ఒక పక్క అయిపోయారు. అమ్మాయి పోలీసులకు ఫిర్యాదు రాసి పెట్టుకుంది. ఇచ్చే ముందు ఒకసారి మాట్లాడి చూడమని వాళ్ల ఇంటి యజమానురాలు నా నంబరు ఇచ్చింది.

అందరినీ ఒకేసారి కూర్చోబెట్టమని వీధి సంఘం అడిగింది. నేను ఒప్పుకోలేదు. నలుగురి ముందు మాట్లాడేటప్పుడు మనిషి తన పక్షం వినాలని మాట్లాడతాడు, ఆ మాటను తర్వాత వెనక్కి తీసుకోవడం అవమానమవుతుంది. అందుకే ముందు ఇంటింటికీ వెళ్లి విడివిడిగా విన్నాను. అందరినీ అడిగింది ఒకటే: ‘ఆ వస్తువు తీసేస్తే ఏమవుతుందని మీ భయం?’ హక్కు గురించి అడిగితే వాదన మొదలవుతుంది. భయం గురించి అడిగితే తమ రోజు ఎలా గడుస్తుందో చెబుతారు.

పెద్దాయన కుర్చీ రోడ్డు కనబడేలా కిటికీ పక్కనే వేసి ఉంది. నాతో మాట్లాడుతున్నంతసేపూ ఏ బండి చప్పుడైనా సరే మాట ఆపి, కర్టెన్ కొద్దిగా జరిపి చూసి, మళ్లీ నా వైపు తిరిగేవాడు. భార్యను వారానికి మూడుసార్లు చికిత్సకు తీసుకెళ్లాలి. తిరిగొచ్చాక ఆమెకు నాలుగడుగులు వేయడమే కష్టం. ఒకరోజు ఇంటి దగ్గర చోటు దొరక్క వీధి చివర కారు ఆపి, ఆమెను పట్టుకుని నడిపిస్తూ, మధ్యలో ఎవరింటి మెట్ల మీదో కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఆ మర్నాడే పెయింటు డబ్బా రోడ్డు మీదికి వచ్చింది. ఇంతా చెప్పాక ఆవిడ అందుకుంది: ‘ఎక్కడ చోటు పోతుందోనని ఈయన ఇప్పుడు కారే బయటికి తీయడం లేదు బాబూ. ఆస్పత్రికి క్యాబ్‌లో వెళ్తున్నాం.’

ఈ కేసులో నాకు దారి చూపింది ఆ మాటే. కారు కోసం చోటు కావాలనుకున్నవాళ్లు చివరికి చోటు కోసం కారు వాడటం మానేశారు. అలాంటివాళ్లు ఆ వీధిలో ఇంకా ఉన్నారు. ఒకరు సాయంత్రాలు బయటికి వెళ్లడం తగ్గించుకున్నారు. ఇంకొకరు కదలని కారును కవరు కప్పి ఉంచారు, అమ్మితే చోటు పోతుందని. వీళ్లకు కావలసింది జానెడు రోడ్డు కాదు, ఇంటికి తిరిగొచ్చినప్పుడు చోటుంటుందన్న నమ్మకం.

మరో ఇంట్లో వాదన వేరేగా ఉంది. తన గేటు పక్కన రోడ్డు మీద గుంత పడితే ఒకాయన సొంత డబ్బుతో కంకర పోయించి పూడ్పించాడు. ‘నేను బాగుచేసిన చోటు నాది కాకుండా ఎలా పోతుందండీ?’ అన్నాడు. అద్దెవాళ్లు దీన్ని ఎగతాళి చేశారు. నేను తేలిగ్గా తీసుకోలేదు, ఎందుకంటే శ్రమ పెట్టినవాడికి ఏదో దక్కాలన్న భావన చాలా లోతైనది. అమెరికాలోని బోస్టన్‌లో పెద్ద మంచు పడ్డప్పుడు పారతో మంచు ఎత్తి కారు చోటు చేసుకున్నవాళ్లు అక్కడ కుర్చీలు గానీ ట్రాఫిక్ కోన్లు గానీ పెట్టుకుంటారు. నగరం ఆ కష్టాన్ని మన్నిస్తుంది, కానీ తాను ప్రకటించిన మంచు ఎమర్జెన్సీ ఎత్తేశాక 48 గంటల వరకే. ఫిలడెల్ఫియాలో అదీ కుదరదు, ఇలా చోట్లు ఆపుకోవద్దని పోలీసులు ప్రచారమే చేస్తారు. ఇది చెబితే ఆయన ఒక్క క్షణం ఆగి, ‘48 గంటలేనా?’ అన్నాడు. కష్టానికి గుర్తింపు వేరు, దాన్ని ఎల్లకాలం అనుభవించడం వేరని ఆయనతో నేను వాదించాల్సిన పని లేకపోయింది.

ఇంటింటా కనబడిన మరో చిక్కు, రెండు వేర్వేరు విషయాలు కలిసిపోవడం. సొంత గేటులోంచి కారు బయటికి తీయడానికి ఎవరూ అడ్డుపెట్టకూడదు, ఇది చాలాచోట్ల చట్టం కాపాడే విషయమే. గేటు పక్కన ప్రహరీ వెంబడి ఉన్న రోడ్డు ఆ ఇంటివాళ్లకే చెందాలనడం పూర్తిగా వేరు. ‘నా గేటుకు అడ్డం పెడుతున్నారు’ అన్నవాళ్లను వెంట తీసుకెళ్లి చూపించమంటే, సగంమంది ప్రహరీ ముందున్న చోటు చూపించారు. ఈ రెండింటినీ విడదీయకుండా ఒప్పందం రాస్తే ఆ ఒప్పందంలోనే తర్వాతి గొడవ ఉంటుందనిపించింది.

పనిచేయనివి

నేను వెళ్లక ముందే అధికారులకు ఫిర్యాదు వెళ్లింది. లారీ వచ్చి కుండీలు, కుర్చీలు, డబ్బాలు అన్నీ ఎత్తుకెళ్లింది. వారం తిరక్కుండానే మళ్లీ వచ్చాయి, ఈసారి ఇంకా బరువైనవి. ఇద్దరు రోడ్డులోకి ఇనప ముక్కలు దిగ్గొట్టి గొలుసులు కట్టారు. ఇందులో ఆశ్చర్యం లేదు. పోయింది విరిగిన కుర్చీ, దానికి ఖర్చేముంది? భయం ఉన్నచోటే ఉంది. పైగా వీధంతా ఒక్కసారిగా ఖాళీ అయ్యేసరికి, మళ్లీ ముందు ఎవరు పెడితే వాళ్లదే అన్న పరుగు మొదలైంది. బయటివాళ్లు వచ్చి తీసేయడమంటే ఈసారి ఇంకా గట్టిగా పాతుకోమని చెప్పినట్టే అయింది.

గ్రూపులో ఫొటోలు పెట్టి సిగ్గుపరచడం కూడా అయింది. దానివల్ల మొండితనం పెరిగింది. 1997లో ప్రచురించిన ఒక అధ్యయనంలో బ్యారీ రూబ్యాక్, డేనియల్ జుయెంగ్ అనే పరిశోధకులు అమెరికాలో ఒక షాపింగ్ మాల్ పార్కింగ్‌ను గమనించారు. వెళ్లిపోతున్న డ్రైవర్లు కూడా ఆ చోటు కోసం ఇంకో కారు ఎదురుచూస్తుంటే మరింత నెమ్మదిగా కదిలారు, హారన్ కొడితే ఇంకా ఆలస్యం చేశారు. ఇక తమకు అక్కర్లేని చోటును కూడా ఎవరో లాక్కుంటున్నారనిపిస్తే మనిషి పట్టుకుంటాడు. అందుకే మొదటి రోజే, ఫొటోలు ఆపితేనే నేను ఈ పని చేపడతానని సంఘానికి చెప్పాను.

తర్వాత ఉమ్మడి సమావేశంలో అందరూ ఇట్టే ఒప్పుకున్న సూత్రం ‘ఎవరింటి ముందు వాళ్లు.’ వినడానికి న్యాయంగానే ఉంటుంది. నాకు అనుమానాలున్నాయి, కానీ నేను కాదంటే అది నా అభిప్రాయంగానే మిగిలిపోతుంది. అందుకని ఒక నెల పాటు ఆచరించి చూసి మళ్లీ కూర్చుందామన్నాను. నెల నిండకముందే అది కూలింది. కార్లు ఆపని పక్క ఉన్న ఇళ్లకు ‘ఇంటి ముందు’ చోటే లేదు. పై అంతస్తులో అద్దెకున్నవాళ్ల ‘ఇంటి ముందు’ అంటే ఏమిటో ఎవరూ చెప్పలేకపోయారు.

అసలు కారణం కొలతలో ఉంది. వరసగా ఆపిన కార్లలో ఒక కారు చక్కగా వచ్చి వెళ్లాలంటే సుమారు 6 మీటర్ల పొడవు కావాలి. మధ్యలో పెద్ద గేటు పోగా ఒక ఇంటి ముందు ఆ పక్క మూడు మీటర్లు, ఈ పక్క మూడు మీటర్లు మిగులుతాయి. అందులో కారు పట్టదు. ఇరుగింటి ముక్క, పొరుగింటి ముక్క కలిస్తే ఒక కారు హాయిగా పడుతుంది, కానీ మధ్యలో ఒక కుండీ ఉంటే రెండు ముక్కలూ వృథా. టేపు పట్టుకుని సంఘం వాళ్లచేతే కొలిపించాం. మన ముందుదంతా మనదే అనుకుంటే వీధి మొత్తానికి చోటు తగ్గుతుందన్న సంగతి నోటితో చెబితే ఎవరూ నమ్మలేదు. టేపు నేల మీద పరిచాక వాదన ఆగింది.

రోడ్డు మీద గళ్లు గీసి ఇంటికో నంబరు వేద్దామని కొందరన్నారు. ఆ కాగితం మీద నా పేరు ఉండదని గట్టిగా చెప్పాను. అందరి రోడ్డును పంచిపెట్టే అధికారం వీధి సంఘానికి లేదు. చుట్టాలు, పనివాళ్లు, సరుకులు తెచ్చేవాళ్లు ఆ నంబర్లను గౌరవించాలనే నియమమూ లేదు. వాళ్లను ఆపడానికి మళ్లీ డబ్బాలే కావాలి. ఒక కుర్రాడు జపాన్ సంగతి ఎత్తాడు. అక్కడ 1962లో వచ్చిన చట్టం ప్రకారం చాలా ప్రాంతాల్లో, ఇంటికి 2 కిలోమీటర్ల లోపు రోడ్డు బయట కారుకు చోటుందని రుజువు చూపిస్తేనే రిజిస్ట్రేషన్. మంచి పద్ధతే, కానీ అది కారు కొనకముందు అడిగే ప్రశ్న. కార్లు కొనేసి రోడ్డు మీద పెట్టుకున్న ఒక వీధి దాన్ని తనంతట తాను అమలు చేసుకోలేదు.

పనిచేసినవి

విడివిడిగా మాట్లాడినప్పుడు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకే మాట విన్నాను: ‘ఆయన తీస్తే నేనూ తీస్తా.’ ఎవరికీ ఆ వస్తువుల మీద ప్రేమ లేదు. పక్కవాడి డబ్బా ఉంది కాబట్టి మిగిలిన చోటు తగ్గింది, కాబట్టి తన డబ్బా తప్పదు. ఇలాంటి చోట ఒక్కరిని ఒప్పించి తీయిస్తే, ముందుగా ఒప్పుకున్న మంచివాడే నష్టపోతాడు, అతన్ని చూసి ఇంకెవరూ ముందుకు రారు. తీస్తే అందరూ ఒకే పూట తీయాలి. ఈ నిర్ణయం మీదే మిగతా క్రమమంతా ఆధారపడింది.

అయితే ఆ రోజు వచ్చేలోగా రెండు పనులు కావాలి: చోటు నిజంగా ఎంత ఉందో అందరికీ తెలియాలి, నిజమైన అవసరం ఉన్నవాళ్లకు ముందే భరోసా దొరకాలి.

చోటు లెక్క కోసం ఒక సొంతింటివాళ్లు, ఒక అద్దెవాళ్లు కలిసి జంటలుగా అర్ధరాత్రి దాటాక వీధిలో నడిచి రాసుకునేలా ఏర్పాటు చేశాను. లెక్క నేనే వేసివ్వొచ్చు, కానీ అప్పుడు దాన్ని ఒక పక్షం నమ్మదు. ప్రతి చోటూ మూడింట్లో ఒకటిగా రాయాలి: కారు, వస్తువు, లేదా వృథా ముక్క. కొన్ని రాత్రుల తర్వాత కాగితాలన్నీ పక్కపక్కన పెడితే, రాత్రిపూట చోటు దొరకని కార్ల కన్నా వస్తువులు కాపలా కాస్తున్న ఖాళీ చోట్లే ఎక్కువ ఉన్నాయి. కరువు ఉన్నది సాయంత్రం కొన్ని గంటలే. రాత్రి కరువును వీధి తనే తయారుచేసుకుంటోంది.

పార్కింగ్ మీద జీవితమంతా పనిచేసిన ఆర్థికవేత్త డొనాల్డ్ షూప్ ఒక కొలత చెప్పేవాడు: వీధి చోట్లలో 85 శాతం దాకా నిండి, మిగతావి ఖాళీగా ఉంటే వచ్చినవాళ్లు తిరగాల్సిన పని ఉండదు. అంటే దాదాపు ఏడింటికి ఒకటి ఖాళీ. ఆయన దానికి వేళను బట్టి మారే రుసుము సూచించాడు. వీధి సంఘం చేతిలో అది లేదు. కానీ ఎంత ఖాళీ చేయగలిగితే టెన్షన్ తగ్గుతుందో చెప్పడానికి ఆ లెక్క మాకు బాగా పనికొచ్చింది. ఎందుకంటే వెంటనే అందరి చూపూ కాంపౌండ్ల లోపలికి వెళ్లింది. కారు కోసం కట్టిన షెడ్లలో పాత మంచాలు, విరిగిన బీరువాలు, మిగిలిపోయిన టైల్స్ ఉన్నాయి. రోడ్డు మీద ఒక్క చోటు కోసం గొడవపడుతున్న ఇంట్లో సొంత చోటు సామాన్లతో నిండి ఉండటం లెక్క కాగితంలో కనబడ్డాక, ఎవరూ ఎవరినీ ఏమీ అనకుండానే మూడు షెడ్లు ఖాళీ అయ్యాయి. కవరు కప్పిన కారును కూడా అమ్మేశారు.

పెద్దాయన విషయంలో అద్దెవాళ్లలో కొందరు, ‘ఆయనకెందుకు ప్రత్యేకం?’ అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకే వీధివాళ్ల మంచితనం మీద ఆధారపడే ఏర్పాటు వద్దనుకున్నాను. అలా ఇస్తే రేపు మనసు మారి తీసేసుకోవచ్చు, ఆయన మళ్లీ కిటికీ దగ్గరే కూర్చుంటాడు. నగర పాలక సంస్థలో నడవలేనివాళ్ల కోసం చోటు గుర్తించే పద్ధతి ఉంది. ఆ ప్రకారం దరఖాస్తు పెట్టించాం. ఆ చోటు ఆయన సొంతం కాదు, అనుమతి పత్రం ఉన్న ఎవరైనా వాడుకోవచ్చు. ఇది మింగుడుపడటానికి ఆయనకు చాలా సమయం పట్టింది. బోర్డు పాతేదాకా డబ్బా తీయనన్నాడు. నేను ఆయన వైపే నిలబడి అందరం తీసే రోజును వాయిదా వేయించాను. కొందరు విసుక్కున్నారు. కానీ అందరికన్నా ఎక్కువ అవసరమున్న మనిషిని అందరికన్నా ముందు నమ్మమనడం నాకు అన్యాయంగా తోచింది.

బోర్డు వచ్చాక ఒక సెలవు రోజు పొద్దున అందరూ బయటికొచ్చారు. కుండీలు లోపలికి వెళ్లాయి. సిమెంటు డబ్బాలను ఇద్దరిద్దరు పట్టుకుని తోపుడుబండి మీదికి ఎక్కించారు. దిగ్గొట్టిన ఇనప ముక్కలను గుంత పూడ్పించినాయనే తవ్వించి తీయించి, అక్కడ నేల సరిచేయించాడు. ఒక ఇల్లు మాత్రం రాలేదు, రాళ్లు అలాగే ఉంచింది. అందరూ ఒప్పుకుంటేనే అని ముందే షరతు పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే ఆ ఒక్క ఇంటికి వీధంతటినీ ఆపే శక్తి ఇచ్చినట్టయ్యేది. రాళ్లు కొన్ని వారాలుండి, చుట్టూ ఖాళీ చోట్లు కనబడుతుండగా, ఒకరోజు లేకుండా పోయాయి.

నియమాలు కొన్నే రాసుకున్నారు. గేటు అంచుల దగ్గర గీత దాటి కారు పెట్టకూడదు. అద్దం లోపల ఫోను నంబరు చీటీ ఉండాలి. రోడ్డు మీద కారు తప్ప ఇంకేమీ ఉండకూడదు. తప్పితే ముందు ఒక ఫోను, తర్వాత సొంతవాళ్లలో ఒకరు, అద్దెవాళ్లలో ఒకరు కలిసి వెళ్లి మాట్లాడటం, ఆ తర్వాతే అధికారులు. ఉమ్మడి వనరుల మీద పరిశోధనకు 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్, దీర్ఘకాలం నిలిచిన ఏర్పాట్లలో గమనించిన సంగతుల్లో ఇదొకటి: శిక్ష చిన్నగా మొదలై మెట్లు మెట్లుగా పెరుగుతుంది, నియమాలు చేసుకోవడంలో వాటికి లోబడేవాళ్లకే చేయి ఉంటుంది. ఈ వీధిలో ఇప్పటిదాకా ఎక్కువ గొడవలు ఫోను దగ్గరే ఆగిపోతున్నాయి.

టైర్ల గాలి ఎవరు తీశారో తేలలేదు. తేల్చాలా అని ఆ అమ్మాయినే అడిగాను, ఎందుకంటే ఆ నిర్ణయం నాది కాదు. ‘పేరు తెలిసి నేనేం చేస్తాను? తెల్లారి వచ్చాక బండి ఎక్కడ పెట్టాలా అన్న టెన్షన్ లేకపోతే చాలు,’ అంది. రిపేరు ఖర్చు సంఘం నిధి నుంచి ఇద్దామంటే, ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టే కదా అని కొందరు అడ్డుపడ్డారు. రసీదులో ‘వీధిలో జరిగిన నష్టానికి’ అని రాస్తే ఎవరినీ దోషిని చేసినట్టు కాదని సూచించాను. ఆ మాటకు అందరూ ఒప్పుకున్నారు. ఆమె ఫిర్యాదు ఇవ్వలేదు.

తర్వాతి కేసుల్లో మార్చుకున్నవి

ఇప్పుడు ఇలాంటి వీధికి వెళ్తే వస్తువుల కన్నా ముందు ఎవరు తమ కారు వాడటం మానేశారో కనుక్కుంటాను. అక్కడే భయం ఎక్కువ, దానికి మందు దొరక్కుండా మిగతా ఒప్పందం నిలవదు. గేటు సమస్యను చోటు సమస్య నుంచి మొదటి సమావేశంలోనే విడదీస్తాను. లెక్క రెండు పక్షాల చేతుల మీదుగానే జరిపిస్తాను, టేపు తప్పకుండా తీసుకెళ్తాను.

ఈ పద్ధతి అన్నిచోట్లా సరిపోతుందని నేననుకోవడం లేదు. ఇక్కడ రాత్రి లెక్కలో చోటు మిగిలింది, అందుకే వస్తువులు తీసేస్తే మార్పు వెంటనే కంటికి కనబడింది. కార్లే చోట్ల కన్నా ఎక్కువున్న వీధిలో ఇదే పని చేస్తే, తీసిన మర్నాడే ఎవరికో చోటు దొరకదు, నమ్మకం అక్కడే పోతుంది. అలాంటి చోట రుసుమో, అనుమతి పత్రాలో, దగ్గర్లో వేరే పార్కింగో నగరమే ఏర్పాటు చేయాలి. పొరుగువాళ్ల మధ్య రాజీ అక్కడ చాలదు.

ఈ వీధి మూలన ఒక పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నారు. అందులోకి జనం దిగకముందే రాత్రి లెక్క మళ్లీ ఒకసారి వేయమని, కొత్తగా వచ్చేవాళ్లలో ఒకరిని ఆ నడకకు వెంట తీసుకెళ్లమని సంఘానికి చెప్పాను. లెక్క కాగితాల ఫైలు ఇప్పుడు ఆ అమ్మాయి దగ్గరే ఉంది.